ఇంటి డిస్కుపెట్టె: దానిని ఎన్నుకొను విధము

గత వేసవి సెలవులకు ముందు మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచున్న యొక బాలుని తండ్రిగారు మా యింటికి వచ్చి, చేతిగుడ్డలో చుట్టిన యొక చిన్న వస్తువును మా బల్లపై నుంచిరి. అది కంప్యూటరునకు తగిలించుకొను హార్డు డిస్కు. మేజాపైనుండి జారి గచ్చుమీద పడినదట. అటుపిమ్మట దానిని తగిలించినప్పుడెల్ల టక్కు టక్కు మను చప్పుడే గాని, లోపలిదేమియు తెఱపై కానరాలేదు. అందు పదునొకండు సంవత్సరముల కుటుంబపు ఫొటోలును, వారి తల్లిగారు చనిపోవుటకు మూడు నెలల ముందు మనుమనికి కథ చెప్పుచుండగా తీసిన యొక వీడియోయు నుండెను. ఫొటోలు కొన్ని బంధువుల ఫోనులలో దొరకినవి. వీడియో మాత్రము ఎవ్వరియొద్దను లేదు. పట్టణములో నొక మరమ్మతు దుకాణమువారు 38,000 రూపాయలు అడిగి, అంత యిచ్చినను తప్పక వచ్చునని చెప్పజాలమనిరి. ఆయన కొంతసేపు ఊరకుండి, "మాస్టరుగారూ, ముందే ఏది కొనియుంటే ఇట్లా కాకపోవును?" అని మమ్ము అడిగిరి.

ఈ ప్రశ్ననే మఱి నలుగురైదుగురు తల్లిదండ్రులు కూడ అడిగియుండుటచేత, మాకు తెలిసినంతవరకు దానికి సమాధానము ఈ సంచికలో వ్రాయుచున్నాము. మేము ఇంజనీర్లము కాము. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు నల్లబల్ల వాడుట నేర్పిరి గాని డిస్కులు వాడుట నేర్పలేదు. మా యింటను, పాఠశాల ఆఫీసునందును ఇట్టి పెట్టెలను ఎనిమిది సంవత్సరములుగా వాడుచు, కొన్ని పొరపాట్లు చేసి, నష్టపడి తెలిసికొన్నదే ఇందు చెప్పుచున్నాము.

మొదట హార్డు డిస్కనగా నేమో విద్యార్థులు తెలిసికొనవలెను. 1956వ సంవత్సరమున అమెరికాలో ఐ.బి.యం. కంపెనీవారు మొట్టమొదటి డిస్కు యంత్రమును బయటికి తెచ్చిరి. అందు 24 అంగుళముల వెడల్పుగల పళ్లెములు 50 ఉండెను. ఆ యేబది పళ్లెములలోను కలిపి ఇమిడినవి 50 లక్షల అక్షరములు మాత్రమే. నేడు అరచేతిలో పట్టు 4 టెరాబైట్ల డిస్కులో అంతకు ఎనిమిది లక్షల రెట్లు పట్టును. అయినను పని జరుగు తీరు నేటికిని అదియే. అయస్కాంతపు పూత పూసిన పళ్లెము గిరగిర తిరుగుచుండును. దానిమీద నొక సన్నని చేయి ముందు వెనుకలకు కదలుచు, కొనయందలి తలతో వ్రాయుచు చదువుచు నుండును. పళ్లెము నిమిషమునకు 5,400 లేక 7,200 మార్లు తిరుగును. తలకును పళ్లెమునకును మధ్యనున్న యెడము కొద్ది నానోమీటర్లు. మన తలవెండ్రుక మందము ఏబది వేలు మొదలు లక్ష నానోమీటర్ల వఱకు నుండునని తలంచినచో, ఆ యెడమెంత స్వల్పమో తెలియగలదు. తిరుగుచుండగా పడినయెడల తల పళ్లెమును గీకివేయును. మనము విన్న టక్కు టక్కు మను చప్పుడు, ఆ చేయి తన చోటు వెదకికొనజాలక మరల మరల మొదటికి వచ్చుటచేత కలిగినది. అట్టి చప్పుడు వినబడిన డిస్కును మరల మరల తగిలించి చూడరాదు. చూచినకొలది గీతలు హెచ్చును.

ఇక నెట్‌వర్కు స్టోరేజి పెట్టె సంగతి. దుకాణములలో దీనిని 'నాస్' అందురు. ఇది తెఱయు, మీటల పలకయు లేని చిన్న కంప్యూటరు. దీనిలో డిస్కులుంచుటకు అరలుండును. దీనిని తీగతో ఇంటిలోని రౌటరునకు కలిపినచో, ఇంటిలోని ఫోనులును కంప్యూటర్లును అన్నియు దానిలో దాచుకొనవచ్చును, తీసికొనవచ్చును. నాన్నగారి ఫోనులోని ఫొటోలు, అమ్మగారి లెక్కలు, పిల్లల పాఠములు ఒక్కచోట చేరును. ఫోనులోని ఫొటోలు రాత్రివేళ తమంత తాము పెట్టెలోనికి చేరునట్లు కూడ ఏర్పాటు చేయవచ్చును.

ఇది ప్రతి యింటికిని అవసరమా యనినచో, కాదని మా అభిప్రాయము. అమ్మువారు ఈ మాట చెప్పరు. ఒక్క కంప్యూటరును, రెండు ఫోనులును ఉన్న యింటివారు బయట తగిలించు డిస్కులు రెండు కొని, రెంటిలోను అవే ఉంచుకొని, ఒకదానిని వేఱొక యింట నుంచినచో చాలును. ఇంటిలో నలుగురైదుగురు ఫోనులు వాడుచు, ఎవరి ఫొటోలు ఎక్కడ నున్నవో తెలియని స్థితి వచ్చినప్పుడు మాత్రమే పెట్టె ఉపయోగపడును. మా యింట అట్లే అయినది.

కొనదలచినవారు ఒక్క అరగల పెట్టెను విడిచిపెట్టి, రెండరల పెట్టెను కొనుట మేలు. రెండరలలో సమానమైన రెండు డిస్కులుంచి, ఒకదానిలో వ్రాసినది రెండవదానిలోను అదే క్షణమున వ్రాయబడునట్లు చేయవచ్చును. దీనిని అద్దపు ఏర్పాటనవచ్చును. ఒక డిస్కు చెడినను ఇంటిపని ఆగదు; చెడినదానిని తీసి క్రొత్తది పెట్టిన, పెట్టెయే దానిని నింపుకొనును. ఇట్లు చవుకడిస్కులను జతపఱచి నమ్మదగిన పెద్ద డిస్కుగా వాడు పద్ధతులను వివరించి, 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ కళాశాలలో ప్యాటర్‌సన్, గిబ్సన్, క్యాట్జ్ అను మువ్వురు ఒక వ్యాసము ప్రకటించిరి. దానికి వారిడిన పేరే 'రెయిడ్'.

నాలుగరల పెట్టెలలో వేఱొక యుపాయము కలదు. లెక్కలయందు అభిరుచిగల బాలబాలికలు దీనిని గమనింతురు గాక. మొదటి డిస్కులో 7 అనియు, రెండవదానిలో 5 అనియు ఉన్నచో, మూడవదానిలో వాని మొత్తము 12 వ్రాయుదురు. రెండవది పోయినను, 12 లోనుండి 7 తీసివేసిన 5 మరల వచ్చును. ఏది పోయినను మిగిలిన రెంటివలన దానిని రాబట్టవచ్చును. నిజముగా యంత్రము చేయునది కూడికకాదు, దానిని బోలిన యింకొక లెక్క, సూత్రము మాత్రమిదియే. మూడు డిస్కులు కొని రెండు డిస్కుల చోటు పొందుట యిందలి లాభము. సామాన్య గృహములకు రెండరలు చాలును.

పెట్టెలో ఎంత వేగముగల ప్రాసెసరున్నదని చాలమంది విచారింతురు. ఫొటోలు, లెక్కలు దాచుకొనువారికి చవుకదైనను చాలును. పెట్టెనుండి వీడియోలను నానావిధములైన టీవీలకు మార్చి పంపగోరువారికి మాత్రమే బలమైనది కావలెను. మా దృష్టిలో అంతకంటె ముఖ్యమైనది, చేసిన కంపెనీవారు దాని సాఫ్టువేరును ఎన్నేండ్లవఱకు సవరించి పంపుచుందురన్నది. సినాలజీ, క్యూనాప్ అను తైవానుదేశపు కంపెనీల పెట్టెలు మన దేశములో దొరకుచున్నవి. ఏ కంపెనీదైనను, ఆ మోడలునకు తగునని వారు ప్రకటించిన డిస్కుల పట్టికను కొనుటకు ముందే చూడవలెను. అన్ని పెట్టెలును అన్ని డిస్కులను ఒప్పుకొనవు. పాత కంప్యూటరు మూల నున్నచో దానిలో ట్రూనాస్ వంటి ఉచిత సాఫ్టువేరు వేసి పెట్టెగా మార్చుకొనవచ్చును. నేర్చుకొనుటకు ఇది మంచి మార్గమే గాని, పాత యంత్రము కరెంటు ఎక్కువ త్రాగును.

వేగమును గుఱించి ఒక లెక్క. గిగాబిట్ తీగ సెకనుకు 125 మెగాబైట్లకు మించి మోయలేదు. వాడుకలో 110 వచ్చును. నేటి డిస్కు ఒక్కటియే అంతకంటె వేగముగా చదువగలదు. కాబట్టి ఇంటిలో 7,200 మార్లు తిరుగు డిస్కునకు అధికముగా నిచ్చిన సొమ్ము తీగలోనే నిలిచిపోవును. శబ్దమును వేడియు మాత్రము మనకు మిగులును. రౌటరు పాతదై, దాని రంధ్రములు 100 మెగాబిట్లవే అయినచో, గంటలో కావలసిన పని పదిగంటలు పట్టును. పెట్టె కొనుటకు ముందు రౌటరును తిప్పి చూడుడు.

ఇప్పుడు డిస్కుల విషయము. ఎక్కువ మోసపోవుట యిక్కడనే గనుక కొంచెము వివరముగా వ్రాయుదుము. మన పల్లెలలోని పెంకుటిండ్లను చూడుడు. ఒక పెంకు అంచుమీద వేఱొక పెంకు కప్పియుండును. అట్లు కప్పుటచేత క్రింది పెంకు ఒకటి పగిలినప్పుడు దానిని మార్చుటకు పైవరుసలను కూడ ఎత్తవలెను. కొన్ని డిస్కులలో వ్రాతచాళ్లను ఇట్లే ఒకదాని యంచుపై మఱియొకటి వచ్చునట్లు వ్రాయుదురు. తక్కువ చోటులో ఎక్కువ ఇముడును, డిస్కు చవుకగా వచ్చును. కాని మధ్యనున్న ఒక చాలును దిద్దవలెనన్న ప్రక్కచాళ్లను కూడ తిరిగి వ్రాయవలసి వచ్చును. ఈ పద్ధతికి ఎస్.యం.ఆర్. అని పేరు. మన పొలములోని నాగటిచాళ్లవలె ఏ చాలుకాచాలు విడిగా వ్రాయు పద్ధతి సి.యం.ఆర్. అప్పుడప్పుడు ఒక ప్రతి తీసి బీరువాలో పెట్టుటకు మొదటి రకము చెఱుపు చేయదు. ఎడతెగక పనిచేయు పెట్టెలో అది కూడదు. ఒక డిస్కు చెడి, దానికి బదులుగా పెట్టిన క్రొత్తదానిని మొదటినుండి నింపవలసి వచ్చినప్పుడు, పెంకులవంటి డిస్కు మిక్కిలి మెల్లగా సాగును. ఒక్కొక్కప్పుడు పెట్టె దానిని చెడిపోయినదని తలంచి వెలివేయును. 2020వ సంవత్సరమున వెస్టర్న్ డిజిటల్ కంపెనీవారు, ఈ పెట్టెలకొఱకే యని అమ్ముచున్న 'రెడ్' డిస్కులలో 2 మొదలు 6 టెరాబైట్ల వఱకు గలవాటిలో కొన్ని ఎస్.యం.ఆర్. రకమువని ఒప్పుకొనవలసి వచ్చెను. అటుపిమ్మట సి.యం.ఆర్. రకమునకు 'రెడ్ ప్లస్' అని వేఱుపేరు పెట్టిరి. సీగేటువారి 'ఐరన్‌వుల్ఫ్' డిస్కులును సి.యం.ఆర్. రకమువే. పెట్టెపైనున్న రంగును చూచి కొనక, మోడలు నంబరును బట్టి కొనవలెనని దీనివలన తెలియుచున్నది.

సాధారణపు కంప్యూటరు డిస్కును పెట్టెలో ఏల పెట్టరాదు? ఒకచోట చదువబడని వ్రాత కనబడినప్పుడు కంప్యూటరు డిస్కు ఒక నిమిషమైనను పట్టుదలతో చదువజూచును. పెట్టె అంతసేపు ఓర్వక, ఆ డిస్కు చనిపోయినదనుకొనును. పెట్టెకై చేసిన డిస్కు కొద్ది సెకనులలోనే ప్రయత్నము మాని, "ఇది చదువబడలేదు, రెండవ డిస్కునుండి తీసికొనుము" అని చెప్పును. ఏది యెప్పుడు మానవలెనో తెలియుటకూడ యంత్రములకు గుణమే.

కాగితముపై 'పదిలక్షల గంటలు' అని వ్రాసియుండుట చూచి ఒక మిత్రుడు తన డిస్కు 114 సంవత్సరములు బ్రతుకునని సంతసించెను. సంవత్సరమునకు 8,760 గంటలు గనుక భాగహారము సరియే, అర్థము మాత్రము తప్పు. ఇది భీమా కంపెనీవారి లెక్కవంటిది. అట్టి డిస్కులు 114 ఏడాది పొడుగున తిరిగినచో, వానిలో సగటున ఒకటి చెడునని దాని భావము. నిజమైన వాడుకలో అంతకంటె కొంచెమెక్కువే చెడుచున్నవి. అమెరికాలో బ్యాక్‌బ్లేజ్ అను నిల్వ కంపెనీ తనయొద్దనున్న లక్షలకొలది డిస్కుల లెక్కలను ప్రకటించుచున్నది. వానినిబట్టి నూటికి ఏటేట ఒకటి రెండు పోవుచున్నవి. మీ యింటిది ఆ నూటిలో ఏదియో ముందుగా నెవ్వరు చెప్పలేరు. కొనునప్పుడు రెంటిని ఒకే దుకాణములో ఒకేదినమున కొనక, వేఱువేఱుచోట్ల కొనుట మంచిది. ఒకే కూర్పులో పుట్టినవాటికి ఒకే లోపము ఉండవచ్చును. ఇంటికి వచ్చినవెంటనే అది ఎన్నిగంటలు తిరిగినదో పెట్టెలోనే చూచుకొనుడు. 2025 జనవరిలో జర్మనీదేశమున వేలకొలది గంటలు వాడిన డిస్కులను క్రొత్తవని అమ్మిన సంగతి బయటపడెను.

ఎంత పెద్దది కొనవలెను? ఫోనుతో తీసిన ఫొటో ఒకటి సుమారు 4 మెగాబైట్లనుకొన్నచో, లక్ష ఫొటోలకు 400 గిగాబైట్లు చాలును. చోటును మ్రింగునవి వీడియోలు. ఇప్పుడు మీయొద్దనున్నదానికి రెండింతలు పట్టునది కొనుడు. పెక్కు కుటుంబములకు 4 టెరాబైట్లు సరిపోవును. 4 అని కొన్నది కంప్యూటరులో 3.63 అని కనబడగానే దుకాణదారునితో జగడమాడవలదు. చేసినవారు వేయింటితో లెక్కింతురు, కంప్యూటరు 1,024తో భాగించును.

ఇంతవఱకు చెప్పినదంతయు చేసినను నష్టపడవచ్చును. మేమట్లు పడితిమి. రెండరల పెట్టెయు, మంచి డిస్కులును, అద్దపు ఏర్పాటును ఉన్నవి గదా యని మేము నిశ్చింతగా నుంటిమి. పాఠశాలవారు వార్షికోత్సవమునకై నాకర్పించిన గ్రూపుఫొటోలన్నియు అందే యుంచితిమి. ఒకనాడు మా పెద్దమ్మాయి ఒక ఫోల్డరు రెండుమార్లున్నదని భ్రమించి, ఒకదానిని తుడిచివేసినది. అద్దమేమి చేయును? ఇటు ముఖము కడిగిన అటు కడుగును. ఒక డిస్కులో తుడువగానే రెండవదానిలోను తుడువబడినది. చెత్తబుట్టవలె తుడిచినవానిని కొన్నాళ్లుంచు సదుపాయము పెట్టెలో నుండెను గాని మేము దానిని తెఱచి పెట్టలేదు. తప్పు అమ్మాయిది కాదు, మాది. స్టూడియోవారివలనను, పాతవిద్యార్థులవలనను చాలవఱకు మరల సమకూర్చితిమి. 2013, 2016 సంవత్సరముల పదవ తరగతి ఫొటోలు నేటికిని దొరకలేదు. ఎవరియొద్దనైన నున్నచో ఆఫీసునకు పంపగోరుచున్నాము.

అద్దము ప్రతి కాదు. డిస్కు చెడినప్పుడు పని ఆగకుండుటకు అద్దము. పోయినది తిరిగి వచ్చుటకు ప్రతి. మన పూర్వులకిది తెలియును. తాటాకు గ్రంథమును ఎంత పదిలపఱచినను పురుగు తినును గనుక దానికి ప్రతి వ్రాయించి వేఱొకచోట నుంచెడివారు. పందొమ్మిదవ శతాబ్దమున సి.పి. బ్రౌను దొరగారు కడపలో పండితులను జీతములిచ్చి పెట్టుకొని తెలుగు గ్రంథములకు ప్రతులు వ్రాయించిరి. ఆయన కూర్చిన ప్రతులు చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమునకు చేరినవి. మూలపు తాటాకులు చెడినను కావ్యములు మనకు మిగిలినవన్న అది ప్రతులవలననే. నేటి ఫొటోగ్రాఫరులలో పీటర్ క్రోగ్ అను అమెరికా దేశస్థుడు దీనినే అంకెలలో చెప్పెను: మూడు ప్రతులు, రెండు విధములైన సాధనములయందు, ఒకటి వేఱొకచోట.

వేఱొకచోట అన్నమాటను మనవారు తేలికగా తీసికొందురు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతమున ఇండ్లలోనికి నీరు వచ్చి, దినములతరబడి నిలిచియుండెను. క్రింది అంతస్తులో పెట్టెయు, దాని ప్రక్కనే బీరువాలో ప్రతియు ఉన్న యింటివారికి రెండును ఒకేసారి పోవును. దొంగయు అట్లే రెండును తీసికొనిపోవును.

పెట్టెను ఇంటర్నెట్టునకు బాహాటముగా తెఱచి పెట్టరాదు. 2022 జనవరిలో 'డెడ్‌బోల్ట్' అను దుష్టప్రోగ్రాము అట్లు తెఱచియున్న క్యూనాప్ పెట్టెలలోనికి దూరి, లోనున్నవానికి తాళములు వేసి సొమ్ము కోరినది. అంతకు ముందు 2021 జూనులో, 2015 తరువాత సవరణలు రాక నిలిచిపోయిన మై బుక్ లైవ్ అను పెట్టెలను ఎవరో దూరమునుండి తుడిచివేసిరి. అట్టివేళల ప్లగ్గు తీసి బీరువాలో నుంచిన డిస్కే తప్పించుకొనును. ఆ ప్రతికి బయట తగిలించు మామూలు హార్డు డిస్కు చాలును. ఎస్.ఎస్.డి. వేగముగలదే గాని, కరెంటు లేక ఏండ్లతరబడి పడియుండుటకు తగదు.

మన ప్రాంతపు కరెంటు సంగతి చెప్పనక్కఱలేదు. వ్రాయుచుండగా కరెంటు పోయిన లోపలి వ్రాత చెడవచ్చును గనుక చిన్న యు.పి.యస్. ఒకటి తప్పక కొనుడు. దానిని యు.యస్.బి. తీగతో పెట్టెకు కలిపినచో, బ్యాటరీ అయిపోవుటకు ముందే పెట్టె తనంత తాను మూసికొనును. రెండరల పెట్టె ఇంచుమించు 20 వాట్లు తీసికొనును. నెలకు 14 యూనిట్లు. వంటయింటి సెగకును, ఎండపడు కిటికీకిని, చీమలకును దూరముగా, గాలియాడుచోట నుంచవలెను. మూసిన అలమారలో వలదు.

ఆ బాలుని తండ్రిగారికి మేము చెప్పినది పెట్టె కొనుమని కాదు. వారి యింట ఫోనులు రెండే. రెండు డిస్కులు కొనుడంటిమి. చెడినదానిని కూడ పాఱవేయక దాచి యుంచిరి. సొమ్ము కూడినప్పుడు ఆ వీడియోకై హైదరాబాదు తీసికొనిపోవుదురట. క్రొత్తవానిలో ఒకటి వారియింటను, ఒకటి మా బీరువాలోను ఉన్నవి. ప్రతినెల మొదటి శనివారమున ఆయన బడి విడిచిన తరువాత వచ్చి, తెచ్చినదానిని మాకిచ్చి, మాయొద్దనున్నదానిని అదే చేతిగుడ్డలో చుట్టి తీసికొనిపోవుచున్నారు.